డీటీపీఏ, ఈసీ, డీఎంఎస్ఏ: మా బాబు ఎడమ కిడ్నీతో రెండేళ్లు

రిపోర్టు చేతికి రాగానే చివరి పేరానే ముందు చదివాను. ఎడమ కిడ్నీ పనితనం 27 శాతం, కుడి కిడ్నీ 73 శాతం. ఎడమ వైపు యూరిన్ కిందికి దిగడం లేదు, అడ్డు ఉంది. ఆ రోజుకి మా బాబు వయసు 36 రోజులు. గుంటూరులో ఆ స్కాన్ సెంటర్ మెట్ల మీదే కూలబడ్డాను. మా వారు కారు తియ్యడానికి వెళ్లారు. అత్తయ్య ఒళ్లో బాబు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు నిద్రపోతున్నాడు. ఆపరేషన్ మాట అప్పటికే లోపల చెప్పేశారు. "ఆలస్యం చేస్తే ఉన్నది కూడా పోతుందమ్మా" అన్నారు.

ఇప్పుడు వాడికి రెండేళ్ల మూడు నెలలు. ఈ రెండేళ్లలో వాడికి అయిదు కిడ్నీ స్కాన్లు, డీటీపీఏ, ఈసీ, డీఎంఎస్ఏ అనే మూడు రకాల రేడియో ధార్మిక మందులతో అయ్యాయి. ఆ మందుల మధ్య తేడా ఏమిటో మొదటి రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఆ నెల రోజులు మా ఇంట్లో అన్నం సహించని రోజులు అయ్యేవి కావు. నేను డాక్టర్ని కాను. తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. చంటిపిల్లల కిడ్నీలో నీరు చేరిందని తెలిసి, చేతిలో ఒక శాతం అంకె పట్టుకుని రాత్రిళ్లు నిద్రపోని అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను.

కడుపులో ఉన్నప్పుడే తెలిసింది. అయిదో నెల టిఫా స్కాన్‌లో బిడ్డ ఎడమ కిడ్నీ కొంచెం ఉబ్బినట్టు ఉందన్నారు. ఎనిమిదో నెలకి ఆ ఉబ్బు 14 మిల్లీమీటర్లు. పుట్టిన వారానికి అల్ట్రాసౌండ్ చేస్తే 18. కిడ్నీ నుంచి యూరిన్ గొట్టం మొదలయ్యే చోట ఇరుకుగా ఉండి ఉంటుంది, దాన్ని పీయూజే అడ్డు అంటారు అని పిల్లల డాక్టర్ గారు చెప్పారు. ఉబ్బు ఎంతో అల్ట్రాసౌండ్ చెబుతుంది. కానీ ఆ ఉబ్బిన కిడ్నీ పని చేస్తోందా, చేసిన పని కిందికి దిగుతోందా అన్నది చెప్పదు. దానికి న్యూక్లియర్ స్కాన్, అంటే రేడియో ధార్మిక మందు ఎక్కించి తీసే స్కాన్ కావాలి. నెల దాటాక చేయించుకు రమ్మని చీటీ రాసిచ్చారు. చీటీలో "రీనల్ స్కాన్" అని మాత్రమే ఉంది. ఏ మందుతో అని లేదు. ఉండాలని మాకూ తెలియదు.

ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ ఇస్తూ, నాలుగు గంటల ముందు నుంచి బిడ్డకు పాలు పట్టొద్దన్నారు. అన్ని స్కాన్లకీ అదే కదా పద్ధతి అనుకున్నాం. తెనాలి నుంచి గుంటూరు దాకా కారులో వాడు గుక్కపట్టి ఏడుస్తూనే ఉన్నాడు. నా రొమ్ములు పాలతో బరువెక్కి చీర తడిసిపోతోంది. అక్కడికి వెళ్లాక ఇంకో గంటన్నర ఆగాం. నరం దొరకలేదు. మూడు చోట్ల పొడిచి, నాలుగోసారి ఎడమ చేతి మీద కాన్యులా పెట్టారు. మందు ఎక్కించేటప్పుడు ఆ చేతి వెనక శనగగింజంత పొంగు వచ్చింది. నేను చూసి అడిగాను. "ఏం కాదమ్మా, తగ్గిపోతుంది" అన్నారు. ఆ పొంగు తగ్గిపోయింది నిజమే. కానీ దాని కథ అక్కడితో అయిపోలేదు.

నెల తిరక్కుండా హైదరాబాదులో పిల్లల సర్జన్ గారి దగ్గర రెండో అభిప్రాయం కోసం కూర్చున్నాం. ఫైలు ఇచ్చి, "ఎడమ కిడ్నీ 27 శాతమే పని చేస్తోందట సార్" అన్నాను. ఆయన అంకె వైపు చూడలేదు. "ఏ మందుతో చేశారమ్మా?" అన్నారు.

నాకు తెలియలేదు. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. పైన రెండో లైనులో డీటీపీఏ అని ఉన్న మాట ఒక్కసారి కూడా నా కంట పడలేదు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ఏటా ఈడీటీఏ గురించి చెబుతాను. లోహపు అయానుని ఆరు చోట్ల పట్టుకునే లైగాండ్ అని బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తాను. డీటీపీఏ దాని తోబుట్టువే, ఇంకా పెద్దది, ఎనిమిది చోట్ల పట్టుకోగలదు. నా సబ్జెక్టే నా బిడ్డ ఒంట్లోకి వెళ్లింది, నేను గుర్తుపట్టలేదు. ఆ రోజు నుంచి ఈ మందుల గురించి వదలకుండా అడగడం, చదవడం మొదలుపెట్టాను.

సర్జన్ గారు ప్రిస్క్రిప్షన్ కాగితం తిరగేసి బొమ్మ గీశారు. కిడ్నీలో రక్తం ముందు ఒక జల్లెడలోకి వస్తుంది. అక్కడ వడకట్టినది సన్నటి గొట్టాల్లోకి దిగుతుంది. ఆ గొట్టాల గోడలకి ఇంకో పని ఉంది: జల్లెడలో దిగకుండా రక్తంలో మిగిలిపోయిన కొన్ని పదార్థాలను అవి పక్క నుంచి లాగి యూరిన్‌లోకి తోస్తాయి. డీటీపీఏ జల్లెడలోంచి మాత్రమే వెళ్తుంది. గోడలు దాన్ని ముట్టుకోవు. కాబట్టి కిడ్నీలోకి వచ్చిన దాంట్లో ఒక్కో విడతకి అయిదో వంతు మాత్రమే యూరిన్‌లోకి దిగుతుంది, మిగతాది తిరిగి రక్తంలోకే పోతుంది. పెద్దవాళ్లలో దానితో చిక్కు లేదు. పుట్టిన నెల రోజుల బిడ్డకి ఆ జల్లెడే ఇంకా పూర్తిగా తయారు కాలేదు. ఒంటికి తగ్గట్టు లెక్కేసినా పెద్దవాళ్ల వడపోత స్థాయికి చేరడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. అంతవరకూ డీటీపీఏ ఒంట్లోనే తిరుగుతూ ఉంటుంది, కిడ్నీ బొమ్మ పక్కనున్న కండ, కాలేయం, గుండె వెలుగులో కలిసిపోతుంది. ఏది కిడ్నీ, ఏది వెనకాల మసక అన్నది కంప్యూటర్ మీద చేత్తో గీత గీసి విడదీయాలి. ఆ గీత ఇటు అటు జరిగితే శాతమూ జరుగుతుంది.

తర్వాత ఆయన ఫిల్ముని లైటు బల్ల మీద పెట్టి, అంచున ఉన్న నల్లటి మచ్చ మీద పెన్ను ఆనించారు. మందు ఎక్కడ పోగైతే అక్కడ నలుపు పడుతుంది. ఆ మచ్చ మా బాబు ఎడమ చేయి. సూది మందు నరంలోకి పూర్తిగా వెళ్లలేదు, కొంత చర్మం కింద దిగి నెమ్మదిగా రక్తంలోకి చేరుతూ వచ్చింది. అది శనగగింజంత పొంగే. ఆ పరీక్ష అంతా మందు ఒక్కసారిగా రక్తంలోకి వెళ్లింది అన్న లెక్క మీద నడుస్తుంది. దానికి తోడు బిడ్డ ఆకలితో, దాహంతో ఉన్నాడు. ఒంట్లో నీరు లేనప్పుడు యూరిన్ తక్కువ తయారవుతుంది, కాబట్టి అడ్డు లేకపోయినా దిగడం లేదనే కనిపిస్తుంది. "ఈ పరీక్షకి ఖాళీ కడుపు అక్కర్లేదమ్మా. పాలు పట్టి తీసుకురావాలి" అన్నారు. నేను ఏడ్చాను. కారులో వాడి ఏడుపు మళ్లీ వినపడింది.

ఆయన ఆపరేషన్ అక్కర్లేదని మాత్రం చెప్పలేదు. ఈ కాగితాన్ని బట్టి నిర్ణయం చెయ్యను, పది వారాలు నిండాక ఈసీ అనే ఇంకో మందుతో మళ్లీ చేద్దాం అన్నారు.

ఈసీ స్కాన్ రోజు ఉదయం కడుపు నిండా పాలు పట్టి తీసుకెళ్లాను. అక్కడ టెక్నాలజిస్టు అమ్మాయి నన్ను ముందుగా అడిగిన ప్రశ్న, "అక్కా, మీరు గానీ ప్రెగ్నెంటా?" అని. స్కాన్ గదిలో బిడ్డతో ఉండేది నేనే కాబట్టి. ఆ తర్వాత కాన్యులాలోకి ముందు సెలైన్ పంపి, చేతి మీద వేలు ఆనించి, పొంగుతోందా లేదా అని చూసింది. పొంగలేదు. నాకు సగం ప్రాణం అక్కడే కుదుటపడింది. వాడిని మెత్తటి గుడ్డలో చుట్టి, రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కెమెరా బల్ల కింద ఉంటుంది. నిద్రమత్తు మందు ఇవ్వలేదు. నా చీర కొంగు వాడి గుప్పెట్లో పెట్టాను, అది నోట్లో పెట్టుకుని పడుకున్నాడు.

సిరంజి సీసపు తొడుగులో వచ్చింది. మందు లోపలికి వెళ్లిన క్షణం నుంచి కెమెరా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తెర మీద ముందు గుండె మెరిసింది. ఒక నిమిషం కాకముందే రెండు కిడ్నీలు విడివిడిగా, ఎవరూ వేలు పెట్టి చూపించక్కర్లేకుండా తేలాయి. డీటీపీఏ ఫిల్ములో నేను వెతుక్కున్న ఆకారాలు ఇవి. కుడిది మూడు నిమిషాలకి నిండి ఖాళీ కావడం మొదలైంది. ఎడమది నిండుతూనే ఉంది. తర్వాత బరువుని బట్టి, కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున ఫ్యూరోసమైడ్ ఎక్కించారు. యూరిన్ ఎక్కువ తయారు చేయించే మందు అది. అప్పుడు కూడా కిందికి దిగకపోతే నిజంగా అడ్డు ఉన్నట్టు.

స్కాన్ అయ్యాక ఆ అమ్మాయి నన్ను పంపెయ్యలేదు. డైపర్ మార్పించి, బాబుని కాసేపు భుజాన వేసుకుని నిలబెట్టి తిప్పమంది. మళ్లీ పడుకోబెట్టి ఇంకో బొమ్మ తీసింది. వెల్లకిలా ఉన్నప్పుడు దిగనిది నిటారుగా ఉంటే దిగవచ్చు. నిండిన మూత్రాశయం వల్ల పైన ఆగినది ఖాళీ అయ్యాక దిగవచ్చు. మొదటి సెంటర్లో ఈ చివరి బొమ్మే తియ్యలేదు.

రిపోర్టు: ఎడమ 43, కుడి 57. ఎడమ వైపు సగం మందు ఖాళీ కావడానికి 19 నిమిషాలు. పది నిమిషాల లోపు అయితే మంచిది, 20 దాటితే అడ్డు ఉన్నట్టు, మధ్యలో ఉంటే తేల్చలేం అని పెద్దవాళ్లకు చెప్పే కొలత. చంటిపిల్లల్లో ఆ నిమిషాలని ఒక్కటే పట్టుకుని వేలాడకూడదని సర్జన్ గారు అన్నారు. గాబుకి కన్నం బాగానే ఉన్నా, నిండు గాబు ఖాళీ కావడానికి చెంబు కంటే ఎక్కువసేపు పడుతుంది కదా. ఉబ్బిన కిడ్నీ గాబు లాంటిది. నిలబెట్టి తిప్పాక తీసిన బొమ్మలో సగానికి పైగా దిగిపోయింది. "ఆగుదాం. మూడు నెలలకోసారి అల్ట్రాసౌండ్. ఏడాది లోపు మళ్లీ ఇదే మందుతో, ఇక్కడే ఇంకో స్కాన్" అన్నారు. ఇదే మందుతో, ఇక్కడే అన్న మాటని ఆయన రెండుసార్లు చెప్పారు.

ఆ రోజు మధ్యాహ్నం రిపోర్టు కోసం ఆగినప్పుడు, నేను కెమిస్ట్రీ లెక్చరర్నని తెలిసి, టెక్నాలజిస్టు అమ్మాయి ఈ మందులు తయారు చేసే హాట్ ల్యాబు తలుపు దగ్గర నిలబడి చాలా చెప్పింది. మందు పేర్లు ఎన్ని ఉన్నా అన్నింట్లో వెలిగేది ఒకటే, టెక్నీషియం-99ఎం. పరమాణు సంఖ్య 43. మెండలీఫ్ తన పట్టికలో ఖాళీ వదిలి పెట్టిన గడి అది. 1937లో ఇటలీలోని పలెర్మోలో సెగ్రె, పెరియర్ దాన్ని కనుక్కున్నారు. మనిషి చేతుల మీదుగా తయారైన తొలి మూలకం. ఆ మాట ఏటా పాఠంలో చెబుతాను, నా బిడ్డకి అది అవసరం పడుతుందని ఏనాడూ అనుకోలేదు. వారానికోసారి మాలిబ్డినం-99 ఉన్న, జనరేటర్ అనే పెట్టె ల్యాబుకి వస్తుంది. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే సమయం, 66 గంటలు. అది క్షీణిస్తూ టెక్నీషియంని కంటూ ఉంటుంది. రోజూ పొద్దున్నే సెలైన్ పోసి టెక్నీషియంని దించుకుంటారు. పాలు పితకడం అనే అంటారు ల్యాబుల్లో. దించిన టెక్నీషియం అర్ధాయువు 6 గంటలు. గామా కిరణం 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, కెమెరా పట్టుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఒంటిని కాల్చే బీటా కణాలు లేనట్టే లెక్క.

టెక్నీషియానికి తానై ఏ అవయవానికి పోవాలో తెలియదు. దాన్ని ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పేది దానికి తగిలించే అణువు. డీటీపీఏ అయితే జల్లెడలోంచి తీసుకుపోతుంది. ఈసీ అయితే ముఖ్యంగా గొట్టాల గోడల ద్వారా పోతుంది, కాబట్టి ఒక్కో విడతలో సగం దాకా దిగిపోతుంది, వెనకాల మసక తక్కువ. జల్లెడ ఎదగని చంటిబిడ్డకీ, పనితనం తగ్గిన కిడ్నీకీ అందుకే బొమ్మ తేటగా వస్తుంది.

ఈ దారికి ఆది హిప్పురాన్. గుర్రపు మూత్రంలో దొరికే హిప్పురిక్ ఆమ్లానికి అయోడిన్ తగిలించి చేసిన మందు. కిడ్నీ గోడలు దాన్ని ఎంత బాగా లాగేస్తాయంటే, తర్వాత వచ్చిన వాటన్నింటినీ దానితోనే పోల్చేవాళ్లు. కానీ అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు, బీటా కణాలు వదులుతుంది, బొమ్మ కూడా అంత బాగా రాదు. దాని బదులు టెక్నీషియంతో పని చేసేది కావాలని 1980ల్లో అమెరికాలో మాగ్-3 తయారు చేశారు. 1990ల మొదట్లో బెల్జియంలోని లూవెన్‌లో ఈసీ వచ్చింది.

మాగ్-3 సంగతి నాకు ఇంట్లోనే తెలిసింది. డల్లాస్‌లో ఉన్న మా అక్క రెండో కూతురికీ పుట్టినప్పుడు ఇదే సమస్య. అక్కడ మాగ్-3తో చేశారు. రాత్రి ఫోనులో రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లం. "మీ దాంట్లో మాగ్-3 అని లేదేమే? పాత మందు వాడారేమో అడుగు" అని అక్క కంగారు. అడిగాను. ఈసీ పాతది కాదు, నిజానికి మాగ్-3 కంటే తర్వాత వచ్చింది. రెండూ గొట్టాల దారిన పోయేవే. మాగ్-3 రక్తంలో నూటికి 90 వంతుల దాకా ప్రోటీన్లకి అతుక్కుని తిరుగుతుంది, ఈసీ 30 వంతుల దగ్గర. మాగ్-3లో కొంత కాలేయం నుంచి పిత్తాశయంలోకి కూడా పోతుంది, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో అది ఎక్కువై బొమ్మకి అడ్డం రావచ్చు. ఈసీలో ఆ బెడద చాలా తక్కువ. ల్యాబులో మాగ్-3 తయారు చెయ్యాలంటే సీసాని వేడినీళ్లలో మరిగించాలి, ఈసీ గది వేడిమి మీదే కలుస్తుంది. మన దేశంలో అణుశక్తి శాఖ కింద పని చేసే బ్రిట్ సంస్థ నవీ ముంబయి నుంచి ఇలాంటి కిట్లు సరఫరా చేస్తుంది. ఆ రెండింటిలో ఏదైనా మా బాబు లాంటి బిడ్డకి మంచిదే. అక్క మనసు అప్పటికి కుదుటపడింది, నాది కూడా.

ఇంటికి వెళ్లేటప్పుడు జాగ్రత్తలు చెప్పారు. మందు యూరిన్‌లోనే పోతుంది కాబట్టి ఆ రోజంతా డైపర్ తరచుగా మార్చాలి, మార్చాక చేతులు కడుక్కోవాలి. మా తోడికోడలికి అప్పుడు ఆరో నెల. బాబుని ఆ పూట ఎత్తుకోవద్దని చెబితే అత్తయ్యకి కష్టంగా అనిపించింది, "పసివాణ్ని అంటరానివాణ్ని చేస్తారా" అన్నారు. ఆరు గంటలకి సగం, పన్నెండు గంటలకి పావు, మధ్యలో యూరిన్‌లో పోయేది వేరే, రేపు పొద్దున్నకి ఏమీ ఉండదు అత్తయ్యా అని చెప్పాను. క్లాసులో చెప్పే లెక్కే. మర్నాడు పొద్దున్నే వాణ్ని తీసుకెళ్లి తోడికోడలి ఒళ్లో పెట్టింది ఆవిడే.

తొమ్మిదో నెల అల్ట్రాసౌండ్‌లో ఉబ్బు 24 మిల్లీమీటర్లకి పెరిగింది. అదే చోట, అదే ఈసీతో, పాలు పట్టి, అదే లెక్కన ఫ్యూరోసమైడ్ ఇచ్చి స్కాన్ చేశారు. ఎడమ 35. గ్రాఫులో ఎడమ గీత ఎక్కుతూనే ఉంది, మందు ఇచ్చినా వంగలేదు, నిటారుగా ఎత్తుకుని తిప్పినా దిగలేదు. ఒక స్కానుకీ ఇంకో స్కానుకీ అయిదు శాతం దాకా తేడా మామూలుగానే రావచ్చు. 43 నుంచి 35కి రావడం అలాంటిది కాదు. "ఇప్పుడు చెబుతున్నానమ్మా, చేద్దాం" అన్నారు సర్జన్ గారు. ఆ రోజు నేను ఏడవలేదు. ఎందుకు చేస్తున్నారో నాకు కనిపించింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. 27 కాస్తా 43 అయిందని, కిడ్నీ బాగుపడిందని మా వాళ్లంతా సంబరపడ్డారు. కిడ్నీ అలాగే ఉంది, కొలిచిన పద్ధతి మారింది. అదే మేము మూడోసారి ఎక్కడో వేరే చోట, మళ్లీ డీటీపీఏతో చేయించి, 35 వస్తే? 27 నుంచి 35కి పెరిగిందని ఇంట్లో స్వీట్లు పంచేవాళ్లం. ఆపరేషన్ వాయిదా పడేది. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే ఊహ అది.

ఇంకొకటి. ఈ శాతం వాటా మాత్రమే, ఆస్తి కాదు. రెండు కిడ్నీలూ సగం సగం చెడిపోయినా రిపోర్టులో 50, 50 అనే వస్తుంది. మొత్తం ఎంత ఉందన్నది రక్త పరీక్షలో చూసే క్రియాటినిన్, వడపోత లెక్క చెప్పాలి. ఆ లెక్క దగ్గర డీటీపీఏ విలువ నాకు తెలిసింది. మా కాలేజీలో లెక్కల లెక్చరర్ గారు వాళ్ల తమ్ముడికి కిడ్నీ ఇవ్వడానికి పరీక్షలు చేయించుకున్నారు. ఆయనకి డీటీపీఏ స్కానే చేశారు. సిరంజిని మందు ఎక్కించక ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కెమెరా ముందు పెట్టి లెక్కించి, ఎంత ఒంట్లోకి వెళ్లిందో తేల్చి, మొదటి రెండు మూడు నిమిషాల్లో ఒక్కో కిడ్నీ ఎంత అందుకుందో చూసి, వడపోత ఎంతో విడివిడిగా లెక్కగట్టారు. జల్లెడలోంచి తప్ప ఇంకో దారిన పోని మందు కాబట్టే అది వడపోతని కొలవగలదు. ఈసీకి, మాగ్-3కి ఆ పని చేతకాదు. పెద్దవాళ్లలో, జల్లెడ బాగా ఉన్నవాళ్లలో డీటీపీఏ మంచి మందు, చవక కూడా. నా కోపం మందు మీద కాదు. 36 రోజుల బిడ్డకి, ఆకలితో, చేయి పొంగినా ఆగకుండా చేసి, అదే చివరి మాట అన్నట్టు కాగితం ఇచ్చిన తీరు మీద.

పదో నెలలో ఆపరేషన్ అయింది. ఇరుకు ముక్క కోసేసి మళ్లీ కుట్టే పద్ధతి, ఆండర్సన్, హైన్స్ అనే ఇద్దరు 1949లో చెప్పింది. లోపల స్టెంట్ అనే సన్నటి గొట్టం ఉంచారు. అది తీసే లోపు వాడికి 103 జ్వరం వచ్చింది. యూరిన్ కల్చర్‌లో ఈ.కోలై అనే బాక్టీరియా కనిపించింది. అయిదు రోజులు ఆసుపత్రిలో యాంటీబయాటిక్ ఎక్కించారు. స్టెంట్ ఆరు వారాలకి తీశారు. ఆపరేషన్ అయిన నాలుగు నెలలకి ఈసీతో నాలుగో స్కాన్: ఎడమ 39, గీత ఈసారి ఎక్కి, వంగి, దిగింది. ఆ గ్రాఫుని ఫోన్లో ఫోటో తీసి అక్కకి పంపాను.

ఆ జ్వరం కిడ్నీ మీద మచ్చ మిగిల్చిందా అన్న ప్రశ్నకి మాత్రం ఈసీ బొమ్మ చాలదన్నారు. దానికి డీఎంఎస్ఏ. డీటీపీఏ, ఈసీ దారిన పోయేవి, కిడ్నీలోకి వచ్చి యూరిన్‌తో వెళ్లిపోతాయి. డీఎంఎస్ఏ దిగి ఉండిపోయే చుట్టం. గొట్టాల గోడల కణాల్లో చేరి గంటల తరబడి అక్కడే ఉంటుంది. ప్రాణమున్న కణాలు ఎక్కడ ఉంటే అక్కడ నిండుతుంది, చచ్చిపోయిన చోట ఖాళీ. జ్వరం వేడిలో ఉన్నప్పుడు చేస్తే వాపు వల్ల కూడా ఖాళీ కనిపిస్తుంది, మచ్చో కాదో చెప్పలేం. అందుకని ఆరు నెలలు ఆగాం.

మరి ముందు నుంచే డీఎంఎస్ఏ చేసి ఉంటే ఇంకా కచ్చితంగా తేలేది కదా అని నేను అడిగాను. అది యూరిన్ దిగుతోందా లేదా అన్నది చెప్పలేదు. పైగా అడ్డు ఉన్న కిడ్నీలో యూరిన్‌లోకి దిగిన కొంచెం డీఎంఎస్ఏ ఉబ్బులో నిలిచిపోయి, ఆ కిడ్నీ ఉన్నదానికంటే బాగా పని చేస్తున్నట్టు చూపించగలదు. వద్దనడానికి ఇంకో కారణం, మందు చాలావరకు యూరిన్‌లో పోకుండా ఒంట్లో ఉండిపోతుంది కాబట్టి రేడియేషన్ కాస్త ఎక్కువ. పిల్లలకి సుమారు 1 మిల్లీసీవర్టు. మనిషికి భూమి నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి సహజంగా తగిలేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. భయపడేంత కాదు, అవసరం లేకుండా చేయించేదీ కాదు.

అప్పటికి వాడికి ఏడాదిన్నర దాటింది. చంటివాడిలా చుట్టి పడుకోబెడితే ఉండే వయసు కాదు. ఉదయం ఎనిమిదింటికి మందు ఎక్కించి, పదకొండుకి రమ్మన్నారు. ఆ మూడు గంటలూ వాణ్ని నిద్రపోనివ్వొద్దన్నారు. మా వారు ఆసుపత్రి బయట వేపచెట్టు కింద వాణ్ని నడిపిస్తూ, కాకులు చూపిస్తూ, ఆటోలు లెక్కబెట్టిస్తూ తిప్పారు. పదకొండుకి పాలసీసా నోట్లో పెట్టి బల్ల మీద పడుకోబెట్టగానే కళ్లు మూతలు పడ్డాయి. లైట్లు తగ్గించారు. వెనక నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి ఏటవాలుగా ఒక్కోటి. ఒక్కో బొమ్మకీ కొన్ని నిమిషాలు. నేను వాడి పాదం మీద చెయ్యి వేసి నిలబడ్డాను, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ.

తెర మీద రెండు చిక్కుడు గింజలు. కుడిది నిండుగా, అంచు నున్నగా. ఎడమది కొంచెం చిన్నది, పైకొసన ఎలక కొరికినట్టు చిన్న నొక్కు. ఆ నొక్కే మచ్చ. ఎడమ 38. ఈసీ చెప్పిన 39కి పక్కనే ఉంది. రెండు వేరు వేరు దార్లలో వెళ్లి ఒకే చోట కలిశాయని డాక్టర్ గారు అన్నారు. మచ్చ ఉన్నందుకు ఏటా బీపీ చూపించాలి, జ్వరం వస్తే యూరిన్ పరీక్ష మానకూడదు. అంతే.

మా ఫైలు మొదటి పేజీలో ఇప్పుడు ఒక పట్టిక ఉంది. తేదీ, బరువు, మందు పేరు, ఫ్యూరోసమైడ్ ఎప్పుడు ఇచ్చారు, పాలు పట్టామా, సూది చోట పొంగిందా, చివర్లో నిలబెట్టి తిప్పాక బొమ్మ తీశారా, ఆ తర్వాతే శాతం. మొదటి గడిలో డీటీపీఏ ఎదురుగా "పాలు పట్టలేదు, పొంగింది, తియ్యలేదు" అని ఎర్ర ఇంకుతో రాశాను. మా ఊళ్లో ఇంకో ఇద్దరు తల్లులు ఆ పేజీ జిరాక్స్ తీసుకెళ్లారు. వాళ్లలో ఒకామె నెల తర్వాత ఫోన్ చేసి, "అక్కా, మాకూ ఖాళీ కడుపుతో రమ్మన్నారు, ఏ మందో అడిగాను, చెప్పలేకపోయారు, ఇంకో చోటికి వెళ్లాం" అంది.

మూడేళ్లు నిండాక మళ్లీ ఈసీ ఉంది. మొన్న అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేశాను. మందు ఈసీయే కదా అని అడిగాను. అదేనంది ఆ అమ్మాయి. "తెలుసు కదక్కా, పాలు, నీళ్లు బాగా పట్టి తీసుకురండి" అంది.